ఫోన్ బ్రౌజర్‌లో సోషల్ నెట్‌వర్క్ ఎందుకింత చిరాకు పెడుతుంది? మా బాబాయి నర్సరీలో తెలిసిన సంగతులు

కడియం అంటే మీకు గుర్తొచ్చేది మొక్కలే. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు 16వ నంబరు హైవే మీద వస్తే, వేమగిరి దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. మాది కడియం. మా బాబాయికి కడియపులంకలో చిన్న నర్సరీ ఉంది. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఫ్రంటెండ్ డెవలపర్‌గా చేరాను. అంటే వెబ్‌సైట్‌లో మీ కంటికి కనిపించే బటన్లు, మెనూలు, పేజీలు కట్టే పని. ఈ పరిచయం ఎందుకంటే, ఈ ఆర్టికల్‌లో తిట్లు తినాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

పోయిన వానాకాలం మొదట్లో ఇంటికెళ్తే, బాబాయి తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఒరేయ్, నాలుగు రోజుల్నుంచి ఈ ఎర్ర ఒకటి పోవట్లేదురా, చూడు ఓసారి" అన్నాడు.

బ్రౌజర్‌లో ఒక సోషల్ నెట్‌వర్క్ తెరిచి ఉంది. అందులో నర్సరీకి ఒక పేజీ ఉంది. పైన మెసేజ్ గుర్తు మీద ఎర్ర చుక్కలో '1'. నొక్కితే మెసేజ్ రాలేదు, ప్లే స్టోర్ వచ్చింది. వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కాను. మళ్ళీ ప్లే స్టోరే. ఆ మెసేజ్ చదవాలంటే యాప్ వేసుకోవాలి. బాబాయి ఫోన్‌లో యాప్‌కి చోటు లేదు. స్టోరేజ్ 32 జీబీ, అందులో సగానికి పైగా మొక్కల ఫొటోలే. చోటు కోసం ఏడాది కిందటే యాప్ తీసేసి బ్రౌజర్‌లో నెట్టుకొస్తున్నాడు.

నా ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యి చూస్తే, నెల్లూరు వైపు నుంచి ఒక గార్డెన్ కాంట్రాక్టరు. నాలుగు వందల ఆరెకా పామ్ మొక్కలు కావాలి, రేటు చెప్పండి అని మొదటి మెసేజ్. మర్నాడు 'హలో' అని ఇంకొకటి. ఆ పొద్దున్నే మూడోది: సరేనండి, వేరేచోట తీసుకున్నాం. ముగ్గురు కూలీలతో నడిచే నర్సరీకి నాలుగు వందల మొక్కలంటే చిన్న బేరం కాదు. బాబాయి చదువుకుని, "పోన్లే, ఆడికి మన దగ్గర రాసిపెట్టి లేదు" అని మోటారు వెయ్యడానికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ ఎర్ర ఒకటి తలలోంచి పోలేదు. వచ్చిన పని మానేసి, సెలవు మూడు రోజులూ అదే ఫోన్‌లో, అదే బ్రౌజర్‌లో, బాబాయి రోజూ చేసే పనులన్నీ చేసి చూశాను.

"కొత్త ఫోన్ కొనిపెట్టొచ్చుగా" అని కామెంట్ టైప్ చెయ్యబోతున్న వాళ్ళు ఆగండి. కొనిపెడతాను. అప్పుడు మా బాబాయి సమస్య తీరుతుంది, ఆ సైట్ సమస్య తీరదు. "వాట్సాప్ లేదా" అంటారా, ఉంది. పాత కస్టమర్లంతా అందులోనే. కానీ మన పేరు తెలియని కొత్త కస్టమర్ పేజీ చూసే కదా వచ్చేది.

ఆ నెట్‌వర్క్ పేరు చెప్పను. ఇంచుమించు అందరిదీ ఇదే వరస. మూడు రోజుల్లో నాకు అర్థమైందేంటంటే, మనం 'మొబైల్ సైట్ చెత్తగా ఉంది' అని ఒకే మాటలో అనేసేది నిజానికి మూడు రకాలు. కొన్ని బ్రౌజర్ వల్ల వచ్చే ఇబ్బందులు. కొన్ని ఎవరూ పట్టించుకోక మిగిలిపోయినవి. కొన్ని కావాలని పెట్టినవి. స్క్రీన్ మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మనం మోసపోతాం.

బ్రౌజర్ వల్ల వచ్చేవి

బాబాయి పోస్ట్ పెట్టే పద్ధతి ఇది. ముందు మొక్క గురించి రాస్తాడు. ఎత్తెంత, కవర్ సైజెంత, ఎన్ని ఉన్నాయి. తర్వాత ఫొటో గుర్తు నొక్కి, కెమెరా తెరిచి, మొక్కని తీస్తాడు. తిరిగి వచ్చేసరికి రాసిందంతా మాయం. పేజీ కొత్తగా లోడ్ అయి ఖాళీ పెట్టె కనిపిస్తుంది. "దీనికి మతిమరుపురా" అంటాడు.

మతిమరుపు కాదు. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో కెమెరా తెరవగానే ఆండ్రాయిడ్‌కి మెమరీ కావాలి. వెనకాలున్న బ్రౌజర్‌ని, లేదా అందులోని ట్యాబ్‌ని, చంపేస్తుంది. మీరు తిరిగొచ్చేసరికి బ్రౌజర్ ఆ అడ్రస్‌ని మళ్ళీ మొదట్నుంచి తెరుస్తుంది. ఇంతవరకూ సైట్ తప్పు లేదు. కానీ మందు చాలా సులువు. వినియోగదారుడు టైప్ చేసింది చేసినట్టు బ్రౌజర్ స్టోరేజ్‌లో దాచి, పేజీ మళ్ళీ తెరుచుకోగానే పెట్టెలో తిరిగి పెట్టడమే. లోకల్ స్టోరేజ్ అని ఏళ్ళ తరబడి ప్రతి బ్రౌజర్‌లోనూ ఉన్నదే. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంటర్న్‌కి ఇచ్చినా మధ్యాహ్నం భోజనంలోపు చేసేస్తాడు.

రెండోది, కింద ఉన్న 'పోస్ట్' బటన్ కనపడకపోవడం. దీని వెనక కథ సరదాగా ఉంటుంది. పేజీని 'స్క్రీన్ అంత ఎత్తు' పెట్టమని మేము కోడ్‌లో రాస్తాం. మొబైల్ బ్రౌజర్‌లో అడ్రస్ బార్ ఉంటుంది, మీరు స్క్రోల్ చేస్తే దాక్కుంటుంది. మరి 'స్క్రీన్ అంత ఎత్తు' అంటే బార్ ఉన్నప్పటి ఎత్తా, లేనప్పటి ఎత్తా? ఆండ్రాయిడ్ క్రోమ్, ఐఫోన్ సఫారీ రెండూ దాన్ని బార్ లేనప్పటి పెద్ద ఎత్తుగానే లెక్కేస్తాయి. కాబట్టి బార్ కనిపిస్తున్నంతసేపూ పేజీ అడుగున ఒక పట్టీ స్క్రీన్ బయటికి పోతుంది. ఆ పట్టీలోనే బటన్ ఉంటుంది! ఇది చాలక, 2022 చివర్లో వచ్చిన క్రోమ్ 108 నుంచి ఆండ్రాయిడ్‌లో కీబోర్డ్ పైకి లేచినా పేజీ ఎత్తు తగ్గదు. సఫారీ ముందునుంచే అంత. అడుగున అతికించిన బటన్ కీబోర్డ్ వెనక్కి వెళ్ళిపోతుంది. దీనికీ మందుంది. బార్‌ని బట్టి మారే కొత్త ఎత్తు కొలతలు 2022లోనే బ్రౌజర్లలోకి వచ్చాయి. కీబోర్డ్ లేస్తే పేజీని కుదించమని చెప్పే సెట్టింగ్ కూడా క్రోమ్ 108తో పాటే ఇచ్చారు. వాడాలంతే.

మూడోది మీ అందరికీ తెలిసిందే. ఫీడ్‌లో చాలా దూరం వెళ్ళి, ఒక ఫొటో తెరిచి, బ్యాక్ కొడితే మళ్ళీ మొదటికి రావడం. వైకుంఠపాళీలో పాము మింగినట్టు. కారణం మాత్రం పైన చెప్పిందాని చుట్టమే: ఫీడ్ అంతా జావాస్క్రిప్ట్ అప్పటికప్పుడు పేర్చింది, పేజీ మారగానే ఆ పేర్పు పోతుంది, ఎక్కడున్నామో గుర్తుపెట్టుకునే పని ఎవరూ చెయ్యలేదు.

ఎవరూ పట్టించుకోనివి

ఇక్కడ నాకు కాస్త కోపం ఎక్కువ. ఎందుకంటే ఇవి మన భాషకి ప్రత్యేకం.

సైట్‌లో పోస్ట్ పొడుగ్గా ఉంటే సగంలో కత్తిరించి 'మరిన్ని చూడండి' అని పెడతారు కదా. చాలాచోట్ల ఆ కత్తిరింపు 'ఇన్ని అక్షరాలు' అని లెక్కపెట్టి చేస్తారు. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. తెలుగులో 'స్త్రీ' అన్నది మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'క్రోటన్'లో 'క్రో' ఒక్కటే నాలుగు ముక్కలు. కత్తెర మధ్యలో పడిందంటే 'క్' అని పొల్లుతో మిగులుతుంది. బాబాయి పోస్టుల్లో అలా తెగిన మొక్కల పేర్లు రెండు చూశాను. ముక్కలు లెక్కపెట్టకుండా 'మూడు లైన్ల తర్వాత ఆపు' అని బ్రౌజర్‌కే చెప్తే అది అక్షరాన్ని తెంపకుండా ఆపుతుంది. ఇదీ కొత్త విద్యేం కాదు.

లైన్ల మధ్య ఎడం ఇంకోటి. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా బిగించి పెడితే, మన వత్తులు కింద లైన్‌లోకి దూరిపోతాయి, లేదా పెట్టె అంచు దగ్గర తెగిపోతాయి. బటన్ మీద తెలుగు మాటకి అడుగు లేకపోవడం మీరూ చూసే ఉంటారు. డిజైనర్ స్క్రీన్ మీద ఇంగ్లీషులో చూసి సరే అంటాడు. అనువాదం తర్వాత ఎప్పుడో వస్తుంది. రెండూ కలిపి ఒక తెలుగు కన్ను చూసేది ఎప్పుడు?

తెలుగు టైపింగ్ సంగతి అయితే, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంగ్లీషు అక్షరాల్లో mokka అన్నట్టు కొడితే 'మొక్క' అని మార్చే కీబోర్డులు మనలో చాలామంది వాడతారు. అలాంటప్పుడు ఏ కీ నొక్కారో కీబోర్డ్ పేజీకి చెప్పదు. ప్రతి కీకీ 229 అనే ఒకే నంబరు వెళ్తుంది, అంటే 'పదం ఇంకా తయారవుతోంది, ఆగు' అని అర్థం. ఆ సంగతి పట్టించుకోకుండా, ప్రతి కీకీ జోక్యం చేసుకునే పెట్టెలు (పేర్లు, హ్యాష్‌ట్యాగ్‌లు సూచించేవి) పదాన్ని రెండుసార్లు రాసేస్తాయి, లేదా కర్సర్‌ని ముందుకి తన్నేస్తాయి.

తెలుగుతో టెస్ట్ చెయ్యకపోతే ఏమవుతుందో ఒకసారి ప్రపంచమంతా చూసింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ' గుణింతంలోని ఒక అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఐఓఎస్ 11.2.5లో ఆ అక్షరాన్ని స్క్రీన్ మీద గీసే దగ్గర తప్పు. ఆపిల్ అదే నెల 19న 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఫోన్ పడిపోయింది కాబట్టి వార్త అయింది. వత్తు తెగితే ఎవరికి వార్త?

నెమ్మది గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మేము సైట్ కట్టేటప్పుడు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కిటికీని ఫోన్ సైజుకి కుదించి చూస్తాం. అందులో ఫోన్ బొమ్మ కూడా వస్తుంది. అయితే కుదిరేది వెడల్పు మాత్రమే, లోపల పరిగెత్తేది ల్యాప్‌టాప్ ప్రాసెసరే. అదే జావాస్క్రిప్ట్ చవక ఫోన్‌లో చదివి, అర్థం చేసుకుని, నడపడానికి ఎన్నో రెట్లు టైమ్ పడుతుంది. నెట్ స్పీడ్‌గా ఉన్నా బటన్ నొక్కితే పలకకపోవడానికి అసలు కారణం ఇదే. ప్రాసెసర్‌ని కృత్రిమంగా నెమ్మది చేసే మీట ఆ టూల్‌లోనే ఉంది. మూడేళ్ళ ఉద్యోగంలో నేను దాన్ని నొక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కావాలని పెట్టినవి

ఇప్పుడు ఆ ఎర్ర ఒకటి దగ్గరికి వద్దాం. మెసేజ్ వచ్చిందని చూపించగలిగిన పేజీ, ఆ మెసేజ్‌ని చూపించలేదా? ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో చూపించిందిగా. అంటే చేతకాక కాదు.

ఇది కొత్త ఎత్తు కూడా కాదు. ఫేస్‌బుక్ 2014లో తన ఫోన్ యాప్‌లోంచి చాట్ తీసేసి, మెసెంజర్ వేసుకోమంది. చాలామంది బ్రౌజర్‌లోకి వెళ్ళి అక్కడ మెసేజ్‌లు చూసుకోవడం మొదలుపెట్టారు. 2016లో ఆ దారీ మూయడం మొదలైంది.

దీనికి ముందు కథ ఒకటుంది. 2012 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టెక్‌క్రంచ్ సభలో మార్క్ జుకర్‌బర్గ్, నేటివ్ యాప్‌లని వదిలి హెచ్‌టీఎమ్ఎల్5 మీద ఎక్కువ ఆశ పెట్టుకోవడం తమ కంపెనీ చేసిన పెద్ద తప్పు అన్నాడు. 'వెబ్ పనికిరాదు' అనేవాళ్ళంతా ఆ మాటే చూపిస్తారు. అదే వేదిక మీద ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని ఎవరూ చెప్పరు: ఆ రోజుకి ఐఫోన్, ఆండ్రాయిడ్ యాప్‌లు రెండూ కలిపి వాడేవాళ్ళకంటే మొబైల్ వెబ్‌లో ఫేస్‌బుక్ వాడేవాళ్ళే ఎక్కువ అని. ఆ సంవత్సరమే డిసెంబర్‌లో సెంచా అనే సంస్థ హెచ్‌టీఎమ్ఎల్5తోనే నున్నగా నడిచే ఫేస్‌బుక్ ఫీడ్ నమూనా ఒకటి కట్టి చూపించింది కూడా.

మరి కంపెనీకి యాప్ మీద అంత ప్రేమ ఎందుకు? యాప్ అయితే హోమ్ స్క్రీన్ మీద దాని బొమ్మ ఎప్పుడూ కంటికి కనిపిస్తుంది. కాంటాక్టులు మొత్తం అడగొచ్చు. బ్రౌజర్‌లో అయితే మీరు ఎంచిన పేర్లు మాత్రమే అందుతాయి. యాడ్ బ్లాకర్ పెట్టుకునే వీలు యాప్‌లో లేదు. నోటిఫికేషన్లు యాప్‌కే సాధ్యం అంటారు గానీ, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వెబ్‌సైట్ నోటిఫికేషన్లు 2015 నుంచే ఉన్నాయి. ఐఫోన్‌లో 2023లో ఐఓఎస్ 16.4తో, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న సైట్లకి, వచ్చాయి.

మెడపట్టి యాప్‌లోకి నెడితే జనం వెళ్తారా? దీనికి లెక్కలున్నాయి, అదీ ఒక సోషల్ నెట్‌వర్క్ నుంచే. గూగుల్ ప్లస్ మొబైల్ సైట్ తెరిస్తే ముందు స్క్రీన్ నిండా 'యాప్ వేసుకోండి' అని వచ్చేది. వాళ్ళే కొలిచి 2015 జులైలో బయటపెట్టారు: ఆ తెర చూసినవాళ్ళలో 9 శాతం యాప్ బటన్ నొక్కారు, 69 శాతం అసలు పేజీకే వెళ్ళకుండా వదిలేసి పోయారు. తెర తీసేసి పైన చిన్న పట్టీ పెడితే మొబైల్ సైట్ వాడేవాళ్ళు 17 శాతం పెరిగారు. ఐఫోన్ యాప్ ఇన్‌స్టాల్‌లు తగ్గింది 2 శాతమే. ఆ ఏడాది నవంబర్ నుంచి అలాంటి తెరలు పెట్టే పేజీలని మొబైల్‌కి అనుకూలమైనవిగా లెక్కపెట్టం అని గూగుల్ సెర్చ్ రూల్ కూడా పెట్టింది. (గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. అది వేరే కారణాల కథ.)

మంచి ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. 2017 ఏప్రిల్‌లో ట్విట్టర్ తన మొబైల్ సైట్‌ని ట్విట్టర్ లైట్‌గా మళ్ళీ కట్టింది. అప్పటి ఆండ్రాయిడ్ యాప్ డౌన్‌లోడ్ 23.5 ఎంబీ. ఈ సైట్ మొదటిసారి తెరవడానికి పట్టేది 600 కేబీ. ఒక్కో విజిట్‌లో చూసే పేజీలు 65 శాతం, పంపే ట్వీట్లు 75 శాతం పెరిగాయని లెక్కలొచ్చాయి. మొబైల్ వెబ్‌లో సోషల్ నెట్‌వర్క్ బాగా నడవదు అనే మాట అక్కడితో చెల్లిపోయింది.

ఇప్పుడు నా వంతు. మొదటి ఉద్యోగంలో నాకు వచ్చిన తొలి టికెట్లలో ఒకటి: సైట్ అడుగున 'యాప్‌లో తెరవండి' పట్టీ మీద ఉండే ఇంటూ మార్కుని చిన్నది చెయ్యాలి, రంగు లేత బూడిదకి మార్చాలి. చేశాను. పది నిమిషాల పని. ఆ వారం యాప్ క్లిక్కులు పెరిగాయని మీటింగ్‌లో చెప్పుకున్నారు, నేనూ చప్పట్లు కొట్టాను. అందులో ఇంటూ మార్కు కోసం వేలు వేసి గురి తప్పినవాళ్ళు ఎంతమందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వేలితో నొక్కేది ఏదైనా 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ గైడ్ చెప్తుంది. ఆపిల్ 44 పాయింట్లు అంటుంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం 2.2 మరీ కనీసంగా 24 పిక్సెళ్ళు అంటుంది. మేము పెట్టింది దానికంటే చిన్నది.

కడియపులంకలో రెండో రోజు, కవర్లలో మట్టి నింపి వచ్చిన బాబాయి అలాంటి ఇంటూ మార్కు మీదే బొటనవేలు వేశాడు. వేలు కొన మొద్దుబారి ఉంది, స్క్రీన్ గార్డ్ పగిలి ఉంది. మూడుసార్లు ప్లే స్టోర్ తెరుచుకుంది. నాలుగోసారి విసిగి ఫోన్ జేబులో పెట్టేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఏం మాట్లాడతాను?

ప్రస్తుతానికి ఏం చేశాం

క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో 'డెస్క్‌టాప్ సైట్' ఉంటుంది. అది టిక్ చేస్తే బ్రౌజర్ తాను ఫోన్‌ని కానని, లైనక్స్ కంప్యూటర్‌ని అని సైట్‌కి చెప్తుంది. పేజీని కూడా కంప్యూటర్ వెడల్పులో గీస్తుంది. బాబాయి నెట్‌వర్క్‌లో అలా చెయ్యగానే మెసేజ్‌లు తెరుచుకున్నాయి. నాలుగు వందల మొక్కల బేరం పోగొట్టిన తలుపు ఒక్క టిక్‌తో తెరుచుకుంది! అక్షరాలు చీమల్లా ఉంటాయి, రెండు వేళ్ళతో సాగదీసుకోవాలి. అన్ని సైట్లలోనూ ఇది పనిచెయ్యదు, కానీ ముందు ఇదే ప్రయత్నించండి.

రాసేది నోట్స్‌లో రాసుకుని కాపీ చేసి పెట్టమన్నాను. ఫొటో ముందే కెమెరాతో తీసుకుని, తర్వాత గ్యాలరీ నుంచి ఎంచమన్నాను. కెమెరా కంటే గ్యాలరీ మెమరీకి తేలిక, ట్యాబ్ చావడం బాగా తగ్గింది. ఫీడ్‌లో ఏదైనా తెరవాలంటే వేలు నొక్కిపట్టి కొత్త ట్యాబ్‌లో తెరిస్తే ఉన్నచోటు పోదు. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం టెక్నాలజీ కానేకాదు: పేజీ కవర్ ఫొటో మీదే పెద్ద అంకెలతో ఫోన్ నంబరు రాయించాం.

హైదరాబాద్ వచ్చాక పాత టీమ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఆ ఇంటూ మార్కు ఇంకా అలాగే ఉందా అని అడిగాను. ఉందట. ఎవరు చేశారో రికార్డులో నా పేరే కనిపిస్తోందట. ఇప్పుడున్న ప్రాజెక్టులో మాత్రం, టీమ్‌కి ర్యామ్ తక్కువున్న పాత ఫోన్ ఒకటి తెప్పించి, రిలీజ్‌కి ముందు తెలుగులో ఒక పోస్ట్ రాసి, కెమెరా తెరిచి, వెనక్కి వచ్చి చూస్తున్నాం. మొదటి రోజే మా డ్రాఫ్ట్ కూడా ఎగిరిపోయింది.

మొన్న బాబాయి వీడియో కాల్ చేశాడు. మళ్ళీ ఎర్ర ఒకటి వచ్చిందట. డెస్క్‌టాప్ సైట్ టిక్ చేసి, పేజీని సాగదీసి, కళ్ళజోడు పైకెత్తి చదివాడట. "ఎవరో అడీనియం ఉందా అని అడుగుతున్నాడురా" అన్నాడు.

"జవాబు రాశావా బాబాయ్?"

"రాయడమేంటి, నంబరు పెట్టాడుగా. ఫోన్ చేసేశాను."